తుపాను తర్వాత మా షెడ్డుకు సొంత కరెంటు: ప్రాజెక్టు డైరీ

2023 డిసెంబర్, తుపాను వారం

మిగ్‌జాం తుపాను డిసెంబర్ 5 మంగళవారం మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు కరెంటు అంతకుముందు రాత్రే పోయింది. గుంటూరు, తెనాలి మధ్యలో, చేబ్రోలు వైపు మా పొలం. నల్లరేగడి బాగా నానిందంటే స్తంభానికి పట్టు ఉండదు. మా లైన్లో స్తంభాలు వరసగా ఒరిగాయి, తీగలు వరి పనల మీదకు జారాయి. ఊళ్లో అందరి దిగులూ ధాన్యం మీదే. కోసింది పనల మీదే నానుతోంది, కోయనిది నేలకు అంటుకుపోయింది. అలాంటప్పుడు కరెంటు ఎప్పుడొస్తుందని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

కానీ మా షెడ్డులో 12 ముర్రా గేదెలున్నాయి. పక్క షెడ్డులో వారం కూడా నిండని నాటుకోడి పిల్లలు 500.

మొదట నీళ్లకు ఇబ్బంది వచ్చింది. పాలిచ్చే గేదె చలికాలంలో కూడా రోజుకు యాభై అరవై లీటర్లు తాగుతుంది. ఎటు చూసినా నీళ్లే, కానీ ఎరువులూ పురుగుమందులూ కలిసిన పొలం నీళ్లు గొడ్లకు తాపలేం. ఊరి చేతిపంపు నుంచి బిందెలతో, పాల క్యాన్లతో మోశాం. ఇంటిల్లిపాదీ మోశారు.

తర్వాత పాలు. మిషనుకు అలవాటు పడిన గేదె చేతికి తొందరగా చేపుకు రాదు, అంటే పొదుగులోకి పాలు దించదు. దూడను వదిలి, దాణా ముందు పెట్టి, పొదుగుకు వేణ్నీళ్ల గుడ్డ అద్ది, ఒక్కో దాని దగ్గర చాలాసేపు కూర్చోవాలి. పూర్తిగా పిండకపోతే పొదుగువాపు వస్తుంది. ఒక తొలిచూలు గేదెకు వచ్చింది కూడా. రోడ్డు మీద చెట్లు పడి పాల బండి రాలేదు. తోడు వేసినంత వేశాం, వెన్న తీశాం, మిగిలిన పాలు ఊళ్లో పంచేశాం.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది కోడిపిల్లలు. మొదటి వారం వాటికి 33 నుంచి 35 డిగ్రీల వేడి కావాలి. వేడి కోసం పెట్టిన బ్రూడర్ బల్బులు ఆరిపోయిన కాసేపటికే అన్నీ గాలి తగలని మూలకు చేరి ఒకదాని మీదకు ఒకటి ఎక్కాయి. చలికి చచ్చేవాటికంటే ఆ గుట్ట కింద ఊపిరాడక చచ్చేవే ఎక్కువ. చెయ్యి పెట్టి చూస్తే పైవరస పిల్లల వీపులు చల్లగా ఉన్నాయి, అడుగునున్నవి వేడిగా, తడిగా, కదలకుండా ఉన్నాయి. రెండు చేతులతో గుట్టను విడదీసి, ఊక మీద పరిచి, బొగ్గుల కుంపట్లు పెట్టాం. కుంపటి పెడితే పరదా మొత్తం మూయకూడదు, బొగ్గుల గాలి మనుషులనే చంపుతుంది. పరదా తెరిస్తే వేడి నిలవదు. రాత్రంతా ఒకరి తర్వాత ఒకరం కాపలా ఉండి గుట్టలు విడదీస్తూనే ఉన్నాం. అయినా చాలా పిల్లలు పోయాయి.

డిసెంబర్ చివర, కాగితం మీద లెక్క

కరెంటు వచ్చింది. ముందు ఆసుపత్రులు, తాగునీటి పథకాలు, ఊళ్లలో ఇళ్లు, ఆ తర్వాత వ్యవసాయ లైన్లు. ఆ వరస సరైనదే. కాబట్టి పొలంలో ఉన్నవాళ్లం చివర్న ఉంటామని ముందే అనుకుని ఏర్పాటు చేసుకోవాలి.

చాలామంది జనరేటర్ కొనెయ్యమన్నారు. గుంటూరులో ధరలు కనుక్కున్నాం. మంచి డీజిల్ జనరేటర్ ధర ఒక పాడి గేదె ఖరీదు కంటే ఎక్కువే. డబ్బు ఒక్కటే కాదు, ఏడాదిలో నాలుగు రోజులు తిరిగి మిగతా కాలం మూల కూర్చునే ఇంజను అవసరానికి స్టార్ట్ అవుతుందన్న నమ్మకం నాకు లేదు. బ్యాటరీ దిగిపోతుంది, డీజిల్ పాతబడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. మా 45 హెచ్‌పీ ట్రాక్టర్ మాత్రం వారానికోసారైనా కదులుతుంది. ఏ జబ్బు చేసినా ఆ రోజే తెలిసిపోతుంది. కరెంటు దాన్నుంచే రావాలని నిర్ణయించుకున్నా.

ఇన్వర్టర్ షాపులో బ్రూడర్‌ను కూడా బ్యాటరీల మీద నడుపుకోవచ్చని చెప్పారు. లెక్క చూడండి. పిల్లకు 2 వాట్ల చొప్పున 500 పిల్లలకు 1 కిలోవాట్. చలికాలం రాత్రి 13 గంటలు అనుకుంటే 13 యూనిట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో నిండుగా ఉన్నది 1.8 యూనిట్లు, అదీ అడుగంటా తోడితే. ఒక్క రాత్రికి ఏడెనిమిది బ్యాటరీలు ఖాళీ. మర్నాడు వాటిని మళ్లీ నింపడానికి కరెంటు ఉండదు. అదే బ్యాటరీ ఒక్కటి ఉంటే ఆరేడు ఎల్‌ఈడీ బల్బులు తెల్లవార్లూ వెలుగుతాయి, ఫోన్లు ఛార్జ్ అవుతాయి.

దీంతో దారి స్పష్టమైంది. వేడి నిప్పుతోనే రావాలి. నీళ్లు ఎత్తు నుంచి వాటంతటవే దిగాలి. వెలుతురుకు చిన్న బ్యాటరీ. మోటార్లకు మాత్రమే ట్రాక్టర్ కరెంటు. కరెంటు అక్కర్లేకుండా జరిగేవి ముందు పూర్తి చేస్తే చివరికి కావలసిన కరెంటు చాలా తక్కువ.

2024 ఫిబ్రవరి, నీళ్లు

షెడ్డు పడమటి వైపు సిమెంటు స్తంభాలతో 3 మీటర్ల ఎత్తు గట్టు కట్టించి 5000 లీటర్ల సింటెక్స్ ట్యాంకు పెట్టాం. నిండు ట్యాంకు 5 టన్నుల పైనే. నల్లరేగడి ఎండాకాలం పగుళ్లిస్తుంది, వానలకు ఉబ్బుతుంది. అందుకని పునాది గుంట లోతుగా తీయించి అడుగున ఇసుక నింపించాం. మేస్త్రీ ఖర్చు ఎందుకన్నాడు, నేను ఒప్పుకోలేదు. గాలికి ఒరిగేది స్తంభమైతే ఊరంతా చీకటి అవుతుంది, ట్యాంకు అయితే గేదెల మీద పడుతుంది.

ట్యాంకు నుంచి గొట్టం నేరుగా కుడితి తొట్లకు, తొట్టి చివర బాల్‌వాల్వ్. గేదె తాగినకొద్దీ నిండుతుంది. మా బోరు వ్యవసాయ లైను మీద ఉంది, పగలు ఇచ్చే 9 గంటల కరెంటులోనే ట్యాంకు నింపుకుంటాం. సాయంత్రానికి ట్యాంకు నిండి ఉండాలన్నది ఇంట్లో ఇప్పుడు రూలు. షెడ్డు కడగడం ఆపేస్తే గేదెలకూ ఇంటికీ కలిపి నాలుగు రోజులకు సరిపోతుంది. ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే తక్కువ తెలివితేటలతో అయిపోయిన పని ఇదే, ఎక్కువ నిశ్చింత ఇచ్చిందీ ఇదే. ఎవరైనా ఒక్కటే చేయగలం అంటే ఇది చేయమంటా.

మే, ఆటోనగర్

తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. లారీ బాడీ నుంచి చిన్న బుష్షు దాకా అక్కడ తయారు కానిది లేదు. 10 కేవీఏ త్రీఫేజ్, నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న ఆల్టర్నేటర్ తీసుకున్నాం. దీన్ని నిమిషానికి 1500 చుట్లు తిప్పితే లైను కరెంటులాగే 50 హెర్ట్జ్ వస్తుంది. ట్రాక్టర్ పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, తిరిగేది 540. మధ్యలో వేగం పెంచాలి. పీటీఓ వైపు 16 అంగుళాల పుల్లీ, ఆల్టర్నేటర్ వైపు 6 అంగుళాల పుల్లీ పెడితే 540కి 1440 వస్తుంది, అంటే 48 హెర్ట్జ్. హ్యాండ్ త్రాటిల్ కాస్త లాగి పీటీఓను 560 దాటిస్తే 50 అందుతుంది. వీటన్నిటినీ బిగించే ఇనప ఫ్రేము మీద హెర్ట్జ్ మీటరు, వోల్టు మీటరు పెట్టించా. డ్రైవరు సీట్లో వెనక్కి తిరిగి చూస్తే కనపడే ఎత్తులో ఉండాలని చెప్పి మరీ పెట్టించా.

వర్క్‌షాప్ పెద్దాయన డ్రాయింగ్ చూసి అడిగిన మొదటి మాట, "ఇది ఒక్కచోటే ఉంటుందా, పొలాలు తిరుగుతుందా?" తిరగాలన్నాను. అయితే ట్రాక్టర్ వెనకుండే త్రీ పాయింట్ లింకేజీకి తగిలేలా ఫ్రేము చేద్దామన్నాడు. నాగలి తగిలించినట్టే తగిలించి, హైడ్రాలిక్‌తో లేపి, ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. ఆ ఒక్క ప్రశ్నతో ప్రాజెక్టు పెద్దదైంది.

ట్రాక్టర్ నుంచి పుల్లీ దాకా ఉన్న షాఫ్టుకూ, బెల్టులకూ మొత్తం రేకు కవరు వేయించాను. తిరిగే పీటీఓ షాఫ్టుకు లుంగీ కొనో, తువ్వాలు చివరో తగిలితే మనిషిని లాక్కుంటుంది, అరిచే వ్యవధి కూడా ఉండదు. కవరు లేకుండా దాన్ని స్టార్ట్ చేయకూడదని ఇంట్లో అందరికీ చెప్పా, జీతగాడితో కూడా ఒట్టు వేయించుకున్నా.

సెప్టెంబర్

ఫ్రేము ఆగస్టు చివరికి రావాలి. సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపంతా మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. వర్క్‌షాప్‌లో వెల్డింగ్ చేసే ఇద్దరు కుర్రాళ్ల ఇళ్లు సింగ్‌నగర్‌లోనే. ఫోన్లు కలవలేదు. కలిసినప్పుడు అడిగింది ఫ్రేము గురించి కాదు, వాళ్ల పిల్లల గురించి. క్షేమంగానే ఉన్నారు, ఇంట్లో సామాను ఏదీ మిగల్లేదు. వీలైనన్ని బియ్యం, దుప్పట్లు ట్రాలీలో వేసుకుని వెళ్లాం. ఫ్రేము నెలాఖరుకు వచ్చింది.

అక్టోబర్, స్విచ్చు, ఎర్తు

ఈ నెల పని గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎందుకంటే ఇది మన ప్రాణాల గురించే కాదు, ఎదుటివాళ్ల ప్రాణాల గురించి కూడా.

మా లైన్‌మ్యాన్‌ను టీకి పిలిచి బోర్డు చూపించా. తుపాను వారంలో బురదలో మోకాళ్ల దాకా దిగి స్తంభాలు ఎత్తిన మనిషి. ఆల్టర్నేటర్ చూసి సంతోషపడతాడనుకుంటే ముఖం మారిపోయింది.

"అన్నా, దీన్ని ఎక్కడ కలుపుతున్నావు?"

చేంజోవర్ స్విచ్చు పెడుతున్నానని చెప్పా.

"న్యూట్రల్ కూడా కట్ అవుద్దా?"

మూడు ఫేజులతో పాటు న్యూట్రల్‌నూ తెంపే నాలుగు పోల్స్‌ది అని చూపించా. అప్పుడు కూర్చుని టీ తాగాడు. "మేం సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, లైను తెంపే ఏబీ స్విచ్ లాగి, తీగలో కరెంటు లేదనుకుని ఎక్కుతాం. కింద ఎవరో జనరేటర్ వేసి ప్లగ్గులో గుచ్చుతారు. అది సర్వీసు వైరు పట్టుకుని వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎక్కుద్ది. ఇంట్లో వేసింది 415 వోల్టులే. పైన మా చేతికి తగిలేది 11 వేలు."

ఇంటికి కరెంటు దించే ట్రాన్స్‌ఫార్మరే, వెనక నుంచి ఎక్కితే వోల్టేజీని పెంచుతుంది. చేంజోవర్ స్విచ్చు పని ఇంతే: లైను వైపు ఉంటే ట్రాక్టర్ తెగిపోతుంది, ట్రాక్టర్ వైపు ఉంటే లైను తెగిపోతుంది, మధ్యలో సున్నా. రెండూ కలవడానికి వీల్లేదు. మాకు రెండు సర్వీసులున్నాయి, బోరుకు ఒకటి, షెడ్డుకు ఒకటి. రెండు చోట్లా విడివిడిగా 63 ఆంపియర్ల స్విచ్చులు పెట్టాం. రెండు కొనలకూ మగ పిన్నులున్న వైరుతో ప్లగ్గు నుంచి ప్లగ్గుకు కరెంటు ఎక్కించే అలవాటు పెళ్లిళ్లలో, పందిళ్లలో చాలాచోట్ల చూశా. దయచేసి ఎవరూ అలా చేయకండి.

ఎర్తుకు 3 మీటర్ల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. కుడితి తొట్ల ఇనప చట్రాలు, గేదెల మెడ దగ్గరుండే స్టాంచియన్ పైపులు, పాల మిషను స్టాండు అన్నీ దానికే కలిపాం. తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడే గేదెకు మనకు తెలియనంత చిన్న లీకేజీ కూడా తెలుస్తుంది, తొట్టి దగ్గరకు వచ్చి మూతి వెనక్కి తీసుకుంటుంది. షెడ్డు బోర్డులో లీకేజీ రాగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.

మొదటిసారి లోడు మీద నడిపిన రోజు గడ్డి ముక్కలు చేసే చాఫ్‌కట్టర్ వెనక్కి తిరిగింది. ఫేజుల వరస మారితే త్రీఫేజ్ మోటారు ఎదురు తిరుగుతుంది. ఏవైనా రెండు ఫేజులు ఇటువి అటు మారిస్తే సరి. చాఫ్‌కట్టర్ అయితే కంటికి కనపడుతుంది, బోరు మోటారు కనపడదు. అది ఎదురు తిరిగినా నీళ్లు సన్నగా వస్తాయి, బోరు ఎండిపోతోందనుకుని మోసపోతాం. ఫ్రేము మీద మూడు ఫేజులకూ ఎరుపు, పసుపు, నీలం రంగు సాకెట్లు బిగించాం, ఇక తారుమారు అవదు.

మోటార్లు స్టార్ట్ చేసే వరస కూడా తేలింది. 10 కేవీఏ ఆల్టర్నేటర్ నిలకడగా ఇవ్వగలిగేది 14 ఆంపియర్లు. 3 హెచ్‌పీ బోరు మోటారు నడిచేటప్పుడు అయిదారు ఆంపియర్లే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి ఆరింతలు లాగుతుంది. అందుకని బోరును ముందు, ఒంటరిగా స్టార్ట్ చేయాలి. అది కుదురుకున్నాక 2 హెచ్‌పీ చాఫ్‌కట్టర్, ఆ తర్వాత పాల మిషను. ఖాళీగా 52 హెర్ట్జ్ పెట్టుకుంటే లోడు పడ్డాక 50 దగ్గర నిలుస్తోంది. బెల్టులు రెండు చాలక జారి కాలిన వాసన వచ్చింది, మూడు గాడుల పుల్లీకి మార్చాం.

నవంబర్, ఊకపొయ్యి

కోడిపిల్లల వేడికి మా అమ్మమ్మ కాలం నాటి పొట్టుపొయ్యే ఆధారం. 200 లీటర్ల డ్రమ్ము, కింద పక్కన చెయ్యి పట్టేంత రంధ్రం. మధ్యలో ఒక పైపు నిలబెట్టి చుట్టూ ఊక, రంపపు పొట్టు కలిపి గట్టిగా దిమ్మిస కొట్టాలి. పైపు మెల్లగా తిప్పుతూ పైకి లాగేస్తే మధ్యలో గొయ్యి మిగులుతుంది. కింద నుంచి అంటిస్తే మంట లేకుండా నిప్పు లోపలి నుంచి బయటకు తింటూ పోతుంది. ఒట్టి ఊక అయితే కూలిపోయి గొయ్యి మూసుకుంటోంది, పొట్టు కలిపితే నిలుస్తోంది. తెనాలి వైపు రైసు మిల్లుల ఊక, గుంటూరు అడితీల పొట్టు, రెండూ దొరుకుతాయి.

డ్రమ్ము షెడ్డు బయట ఉంది. దాని మూత నుంచి 4 అంగుళాల జీఐ గొట్టం గోడలోంచి లోపలికి వచ్చి, పిల్లల తలల పైన కొంచెం కొంచెం ఎత్తు పెరుగుతూ షెడ్డు దాటి, అవతలి వైపు నుంచి పైకి పోతుంది. గొట్టం వేడి మాత్రమే లోపల, పొగ మొత్తం బయట. బొగ్గు కుంపటిలాగే దీన్నుంచీ వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, అందుకే అతుకులన్నీ బంకమన్నుతో మూశాం. గాలి పడమర నుంచి కొట్టినప్పుడు పొగ వెనక్కి తన్నింది. గొట్టం చివర రేకు టోపీ పెట్టి ఇంకో రెండు అడుగులు పెంచాక ఆగింది. ఒకసారి నింపితే ఆరేడు గంటలు వేడి ఉంటోంది, అర్ధరాత్రి రెండో డ్రమ్ము అంటించాలి.

థర్మామీటరు వేలాడదీశాం, కానీ పిల్లలే అసలు కొలత. గొట్టం కింద గుంపు కడితే చలి. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పితే వేడి ఎక్కువ. అంతటా సమంగా పరుచుకుని మేస్తుంటే సరిగ్గా ఉంది. పిల్లల చుట్టూ అడ్డుగా నిలిపే చిక్ గార్డును గుండ్రంగా పెట్టాం, మూలలు లేకపోతే గుట్ట కట్టడానికి చోటుండదు.

2025 జనవరి, భోగికి ముందు

తెల్లవారుజామున మంచు దట్టంగా పడింది. దుమ్ము, ఇటుక బట్టీల పొగ పట్టిన స్తంభాల పింగాణీ ఇన్సులేటర్ల మీద మంచు చేరితే తడి పొరలోంచి కరెంటు పాకి లైను ట్రిప్ అవుతుంది. రోడ్డు పక్క లైన్లలో చలికాలం ఇది మామూలే. ఈసారి ట్రిప్‌తో ఆగలేదు, పెద్ద శబ్దమై మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

షెడ్డులో ఇన్వర్టర్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. తొట్లలో నీళ్లున్నాయి. ట్రాక్టర్ తగిలించి, స్విచ్చు సున్నాకు, తర్వాత ట్రాక్టర్ వైపుకు తిప్పి, హెర్ట్జ్ చూసుకుని మిషను వేశాం. మామూలు వేళకే పాలు పితకడం అయిపోయింది, అన్నీ మామూలుగానే చేపుకు వచ్చాయి. పొదుగువాపు ఏ గేదెకూ రాలేదు. పొద్దుటా సాయంత్రం పాలు పితికేటప్పుడు, మధ్యలో ట్యాంకు నింపుకునేటప్పుడు మాత్రమే ట్రాక్టర్ నడిపాం. గంటకు దాదాపు 3 లీటర్ల డీజిల్ తాగుతోంది. రోజంతా నడపాల్సి వస్తే భరించలేం, పని ఉన్నప్పుడే నడిపితే భరించగలం. కొత్త బ్యాచ్ పిల్లలు రెండో వారంలో ఉన్నాయి. మొదటి వారం కంటే 3 డిగ్రీలు తగ్గించొచ్చు కాబట్టి ఒక్క డ్రమ్ముతోనే రాత్రి చాలావరకు గడిచింది. గొట్టం కింద అంతటా పరుచుకుని పడుకున్నాయి. తుపాను వారం చేతులతో గుట్టలు విడదీసిన నాకు ఆ దృశ్యం చూసి గుండె నిండిపోయింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బిగించడానికి లైన్‌మ్యాన్ వచ్చినప్పుడు ఎక్కేముందు మా షెడ్డుకు వచ్చి, స్విచ్చు ఎటు ఉందో తన కళ్లతో చూసి, ట్రాక్టర్ తాళం చెవి జేబులో వేసుకుని వెళ్లాడు. పని అయ్యాక తెచ్చిచ్చాడు. ఇకనుంచి ప్రతిసారీ అలాగే చేద్దామని అనుకున్నాం.

ఫిబ్రవరి

అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద మా బాబాయి వాళ్ల షెడ్డు, ఇంకొందరి షెడ్లు ఉన్నాయి. జనవరిలో వాళ్లంతా చేతులతో పిండుకుని, బిందెలతో మోసుకున్నారు. ఫ్రేము తిరిగేలా చేయించింది ఇందుకే. వాళ్ల ట్రాక్టర్, వాళ్ల డీజిల్, మా ఆల్టర్నేటర్. అద్దె వద్దన్నాను. షరతు ఒక్కటే, నాలుగు పోల్స్ చేంజోవర్ స్విచ్చు, ఎర్తు లేని షెడ్డుకు అది వెళ్లదు. "ఒక్కపూటకు అంత ఖర్చెందుకురా" అన్నాడు బాబాయి. లైన్‌మ్యాన్ చెప్పిన 11 వేల మాట ఆయనకూ చెప్పా. కాసేపు మాట్లాడలేదు. మర్నాడు గుంటూరు వెళ్లి స్విచ్చు తెచ్చుకున్నాడు, ఇప్పుడు పక్కింటి వాళ్లకూ ఆయనే చెబుతున్నాడు. ఎర్తు గుంట తవ్వకం ఈ వారం వాళ్ల షెడ్డులో మొదలైంది. అది అయ్యాక ఫేజుల వరస చూసి, సాకెట్లకు మా ఫ్రేములాగే రంగులు వేయాలి.